పద్నాలుగో అతుకు

ట్రాలీ ఆటోల మడతవెట్టుకొని వచ్చింది
పసుపురంగు రబ్బరు పడవ.
కుంటి ఎద్దును పశువుల దవాఖానకు తెచ్చినట్టు
మల్లేపల్లి క్రాస్‌రోడ్డుకు తెచ్చిండు బుచ్చిలింగం.
"ముంబైల స్క్రాపు కింద కొన్న.
ముందట నార్వేల పనిచేసిందట" అన్నడు,
మిలట్రీల చేసి రిటైరైనోని గురించి చెప్పినట్టు.
"డిండిల తిప్పుత. మనిషికి నలభై."

నార్వే ఏ దిక్కో నాకు తెల్వదు.
ట్రాక్టరు ట్యూబు తెలుసు, లారీ ట్యూబు తెలుసు.
పడవ పక్కన రాసి ఉంది ఏదో ఏటి పేరు,
సున్నను అడ్డంగ కొట్టేసిన అక్షరం ఒకటుంది దాంట్ల.
మా దిక్కు సున్నను ఎవడు కొట్టేస్తడు?
కాల్వ వస్తదన్న కాయిదంల
మా ఊరి పేరు ముందట అది అట్లనే ఉన్నది.

మూత తిప్పితే
అడుగున మిగిలిన గాలి బుస్సుమన్నది.
ఆ దేశపు గాలి.
చల్లగ లేదు. పాత రేకుపెట్టె వాసన.
అయినా హూన్యా మొఖం అడ్డం పెట్టి పీల్చిండు.

వాడే ఫోన్ల ఆ ఏరును ఎతికి చూపెట్టిండు.
గుట్టల మీద మంచు కరిగి కిందికి దుంకుతుంది,
సున్నపురాళ్ళ మీద నీళ్ళు గుమ్మరించినట్టు
పొంగుడు, కుతకుత, తెల్లగ.
ఎర్రటోపీలోళ్ళు ఎనిమిదిమంది
కావాలని పోయి దాంట్ల వడుతున్నరు,
తిరగవడ్డా నగుతున్నరు.
"పైసలిచ్చి మునుగుతరా అన్నా?"
"మనం పైసలిచ్చి మింగుతలేమా?" అన్న
ఇరవై లీటర్ల డబ్బ దిక్కు చూసి.
మా బోరునీళ్ళు దుంకయ్.
సప్పుడు లేకుంట ఎముకలల్లకు పోతయ్.
మా అమ్మ కూసుంటే లేవలేకపోయేది,
లేస్తే కూసోలేకపోయేది.

పడవ నా తొట్టిల వట్టదు.
పెండ్లికొడుక్కు నలుగు వెట్టినట్టు
ఒళ్ళంత సబ్బునురుగు రాసినం.
అప్పుడు కనవడ్డయ్ పాత అతుకులు.
పదమూడు.
ఏది ఏ బండకు తాకిందో.

వేలు పెట్టి తడిమిన.
మూలలు గుండ్రంగ కోసిండు.
మూల ఉంచితే నీళ్ళు దాన్నే పట్టుకొని
మొత్తం లేపుతయని తెలిసినోడు.
గీకినది గూడ గీత దాటలే.
సొల్యూషన్ పూసి, ఆరనిచ్చి, అప్పుడు అద్దిండు,
గిరాకి నెత్తిమీద నిలవడ్డా తొందరపడే మనిషి గాదు.
ఒక్కటి మాత్రం, అడుగుదిక్కుది, వంకరగుంది.
ఆ దినం ఇంట్ల ఏమయిందో.

వాని పేరు తెల్వదు.
చేతుల జిడ్డు పోనీకి ఏం రుద్దుకుంటడో,
ఉద్దెర పెట్టినోళ్ళను ఏమని అడుగుతడో.
సలికి వేళ్ళు కొంకర్లు వోతే
ఊదుకుంట ఊదుకుంట చేసిండేమో.
నేను మే నెలల
చెమట సుక్క అతుకు మీద పడకుంట
పక్కకు తిరిగి చేస్త.

ఎడమదిక్కు కుట్టు కాడ
బుడగలు లేసినయ్, ఆవాలంత, వరుసగ.
"అన్నా, ఈడ ఏరుంది" అన్నడు హూన్యా.
నా అతుకు గూడ గుండ్రంగనే కోసిన.
వానికంటే బాగ రావాలని రెండోది గూడ కోసిన.
రాలే. మొదటిదే అంటించిన.

బుచ్చిలింగం పొద్దున వస్తనన్నడు.
గాలి నింపినంక పడవ షట్టర్ల వట్టలే.
రోడ్డుపక్కన దాంట్లనే కూసున్నం ఇద్దరం,
టిఫిన్ డబ్బ నడుమ పెట్టుకొని, కాపలాకు.
సాగర్ దిక్కుకెల్లి సిమెంటు లారీ ఒకటి
హారన్ గొట్టుకుంట దూసుకపోయింది.
దాని గాలికి పడవ కదిలింది,
ఒక అంచు జానెడు లేసి పడ్డది.
హూన్యా తాడు పట్టుకున్నడు.
అబద్ధమెందుకు, నేను గూడ పట్టుకున్న.
పప్పు ఒలికింది. ఎవ్వలం సూడలే.
ఇంకో లారీ వస్తదేమోనని
రోడ్డు దిక్కే చూస్తున్నం.